ఆఖరి పంక్తిలో గుండె

వేసవిలో కాలవలు కట్టేస్తారు. ధవళేశ్వరంలో నీళ్లు ఆపిన కొద్ది రోజులకే ఆలమూరు చుట్టుపక్కల పంటకాలవలూ బోదెలూ అడుగంటి, లోతున్న చోట్ల మాత్రం మడుగులు మిగులుతాయి. ఆ మడుగుల్లో ముందుగా అవస్థ పడేవి బొచ్చెలు, శీలావతులు. ఎండకు నీళ్లు కాగి, బురద కలిసి, ఉన్న కాస్త చోటులో చేపలు కిక్కిరిసి, తెల్లవారుజామున నోళ్లు పైకి తెరుచుకుని తిరుగుతుంటాయి. పొద్దెక్కేసరికి కొన్ని వెల్లకిలా తేలతాయి. అదే మడుగు అంచున మోకాలి లోతు బురదలో చేతులు పెట్టి దేవితే కొర్రమీను తగులుతుంది, మట్టగిడస తగులుతుంది. ఒంటినిండా జిగురు, పట్టుకోబోతే విదిలించుకుపోయే బలం.

కొర్రమీను గాలి పీలుస్తుందని మన వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే సంతలో బొచ్చెల్ని ఐసు మీద పరుస్తారు, కొర్రమీనుల్ని మాత్రం బేసినులో నాలుగు చెంబుల నీళ్లు పోసి ప్రాణంతో అమ్ముతారు. అయితే పైకి వచ్చి మింగిన ఆ గాలిలోని ఆక్సిజన్ ముందుగా ఏ అవయవానికి అందుతుందన్నది ఎవరూ అంతగా అడగని ప్రశ్న. జవాబు గుండె. చేపల లోకంలో ఇది మామూలు విషయం కాదు. మిగతా చేపల్లో చాలావాటికి ఒళ్లంతా తిని వదిలాక మిగిలిందే గుండెకు దక్కుతుంది. అందరికీ వడ్డించి ఆఖరి పంక్తిలో కూర్చునే ఇంటి ఇల్లాలి పరిస్థితి దానిది. ఆ పరిస్థితి నుంచి బయటపడడానికి చేపలు నలభై కోట్ల ఏళ్లుగా ఎన్ని దారులు తొక్కాయో చూస్తే, మన ఛాతీలో కొట్టుకునే గుండె కథ కూడా అందులోనే దొరుకుతుంది.

చేపలు కోసేచోట ఓ నిమిషం నిలబడి చూడండి. కత్తిపీట ముందు కూర్చున్న మనిషి మొప్పమూత కింద వేలు దూర్చి, ఎర్రటి మొప్పల గుత్తిని ఒక్క లాగున పీకేస్తాడు. చాలాసార్లు దాంతోపాటే గుండె కూడా ఊడి వచ్చేస్తుంది, ఎవరూ గమనించరు. గొంతు కింద, మొప్పలకు సరిగ్గా వెనక, విడిగా ఒక పలచని సంచిలో ఉంటుందది. కిలో చేపలో దాని బరువు ఇంచుమించు ఒక గ్రాము. వేలికొన మీద పెట్టుకుంటే అందులో వేరువేరు భాగాలు స్పష్టంగా కనిపిస్తాయి. ముదురు ఎరుపులో, ముడతలు పడ్డ పలచని తిత్తి కర్ణిక. దాని కింద కాస్త గట్టిగా తగిలేది జఠరిక. జఠరిక ముందు తెల్లగా మెరిసే బుడిపె ఒకటి. చేప అప్పుడే చచ్చినదైతే ఈ గుండె కాసేపు అలా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ తెల్లటి బుడిపె సాగే కణజాలంతో నిండినది. జఠరిక ఒక్క ఉదుటున చిమ్మిన రక్తాన్ని అది ఉబ్బి పట్టుకుని, నెమ్మదిగా ముందుకు వదులుతుంది. ముందున్నవి మొప్పలు, వాటి పొరలు అతి పలచన. నేరుగా ఆ దెబ్బ తగిలితే తట్టుకోలేవు.

మన గుండెలో రెండు వైపులు ఉన్నాయి. కుడివైపు చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపితే, అక్కణ్ణుంచి శుభ్రపడి వచ్చిన రక్తాన్ని ఎడమవైపు ఒంటికి పంపుతుంది. చేప గుండెలో ఒకటే వరస. ఒళ్లంతా తిరిగి వచ్చిన రక్తం కర్ణికలోకి, అక్కణ్ణుంచి జఠరికలోకి, తెల్లటి బుడిపె గుండా మొప్పల్లోకి వెళ్తుంది. మొప్పల్లో ఆక్సిజన్ అందుకున్న రక్తం మళ్లీ గుండెకు రాదు. నేరుగా వెన్నెముక కింద సాగే పెద్ద ధమనిలోకి పోయి మెదడుకూ కండరాలకూ పేగులకూ పంపిణీ అవుతుంది. చేప జఠరిక ఒంటరిదన్న సంగతి 1628లో రక్తప్రసరణ మీద పుస్తకం రాసిన విలియం హార్వేకు కూడా బాగా తెలుసు. నాలుగు గదుల గుండె చిక్కుముడి విప్పడానికి ఆయన చేపల్నీ కప్పల్నీ కోసి చూశాడు.

మొప్పల పనితనం మాత్రం అద్భుతం. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. లీటరు నీటిలో ఎంతుంటుంది? ఇరవై డిగ్రీల దగ్గర తొమ్మిది మిల్లీగ్రాములు, మన వేసవి మడుగుల్లా 32 డిగ్రీలకు చేరితే ఏడు మిల్లీగ్రాముల పైచిలుకు. అదీ నీరు గాలితో పూర్తిగా కలిసినప్పటి లెక్క. లీటరుకు లీటరు పోల్చి చూస్తే గాలిలో ఉన్నదానిలో ముప్పయ్యో వంతు కూడా ఉండదన్నమాట. అంత పలచని వనరు నుంచి ఆక్సిజన్ పిండుకోవడానికి మొప్పల్లో నీరు ఒకవైపుకూ రక్తం దానికి ఎదురుగానూ పారతాయి. అందువల్ల రక్తం ముందుకు వెళ్లే కొద్దీ ఇంకా తాజా నీరే ఎదురవుతుంది, చివరిదాకా పుచ్చుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. చురుకైన చేపల్లో కొన్ని ఇలా నీటిలోని ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాగేసుకుంటాయి.

అంత కష్టపడి తెచ్చిన ఆక్సిజన్ గుండెను దాటేసి పోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

గుండె ఆగకుండా పనిచేసే కండరం. ఏ కండరం ముడుచుకోవాలన్నా శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో గుర్తించినది ఆ పదార్థాన్నే. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే కాలంలో దాన్ని కనుక్కున్నాడు. గుండె ఏటీపీని పెద్దగా నిలవ చేసుకోలేదు, ఎప్పటికప్పుడు తయారు చేసుకోవాలి, దానికి ఆక్సిజన్ కావాలి. చేప తీరిగ్గా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. ఒంట్లో తిరిగి వచ్చిన రక్తంలో కూడా చెప్పుకోదగ్గంత ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. వాలుగ తరిమితే? వలలో పడి గింజుకుంటే? వరదకు ఎదురీదాల్సి వస్తే? అప్పుడు ఈత కండరాలు రక్తంలోని ఆక్సిజన్‌ను దాదాపు ఊడ్చేస్తాయి. గుండె ఎక్కువ కొట్టుకోవాల్సిన సమయం అదే, దాని గదుల్లోకి వచ్చే రక్తంలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉండే సమయం కూడా అదే. ఒకరోజు కాదు రెండ్రోజులు కాదు, బతికినంత కాలం ఆ జీవి ఈ ఇరకాటంలోనే ఈదాలి.

చేప జఠరికను పొడవునా చీల్చి భూతద్దంలో చూస్తే మొదటి పరిష్కారం కళ్లకు కడుతుంది. లోపల నున్నటి గోడ ఉండదు. సన్నటి కండర పోగులు అటూ ఇటూ అల్లుకుపోయి, వాటి సందుల్లోనే రక్తం నిండుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని స్పాంజి కండరం అంటారు. ఆ పోగులు ఎంత సన్నమంటే, ఏ కండర కణమైనా రక్తానికి వెంట్రుక మందం కంటే దగ్గరలోనే ఉంటుంది. ఇక వేరే రక్తనాళం దేనికి? తాను తోడి పోస్తున్న రక్తంలోంచే గుండె తనకు కావలసింది పీల్చుకుంటుంది. లెక్కకు చేప జాతుల్లో ఎక్కువ శాతం గుండెలు ఇలాంటివే. కాడ్, నాలుక చేపల్లాంటి బల్లపరుపు చేపలు ఇందుకు పేరుపడ్డ ఉదాహరణలు. వాటి జఠరిక మీద ఒక్క ధమని కూడా ఉండదు.

తల్లి కడుపులో మన గుండె కూడా మొదటి వారాల్లో ఇలాగే ఉంటుంది. హృదయ ధమనులు ఏర్పడక ముందే అది కొట్టుకోవడం మొదలుపెడుతుంది. లోపలంతా పోగులే, పోగుల మధ్య రక్తమే. తర్వాత గోడ దళసరి అవుతుంది, బయటి నుంచి నాళాలు పాకుతాయి. కొందరిలో ఆ గట్టిపడడం పూర్తిగా జరగక పెద్దయ్యాక కూడా జఠరిక లోపల పోగులుగానే మిగిలిపోతుంది. గుండె వైద్యులకు అదొక ప్రత్యేకమైన జబ్బుగా తెలుసు.

చేపల చెరువుల రైతుకు మెలకువ వచ్చేది తెల్లవారుజామున. పగలంతా నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే నాచు చేపలతో పోటీపడి పీల్చుకుంటుంది. సూర్యుడు రావడానికి కాస్త ముందు నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పోతుంది. అంతకుముందు రోజు మబ్బు పట్టి ఉంటే ఇంకా కష్టం. లీటరుకు అయిదు మిల్లీగ్రాములుంటే నిశ్చింత, మూడుకు దిగితే దిగులు, ఒకటికి దిగితే చేపలు తేలడమే. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పే ఆ ఘడియల్లో నీళ్ల కింద ఒక వింత జరుగుతూ ఉంటుంది. ఊపిరాడనప్పుడు మన గుండె దడదడలాడుతుంది కదా, చాలా చేపల్లో అందుకు విరుద్ధంగా గుండె నెమ్మదిస్తుంది. మెదడు నుంచి వచ్చే వేగస్ నాడి దాన్ని పట్టి ఆపుతుంది. నిమిషానికి కొట్టుకునే సంఖ్య తగ్గుతుంది, ఒక్కో దెబ్బకు పంపే రక్తం పెరుగుతుంది.

ఇదేమి తెలివి అనిపిస్తుంది మొదట. స్పాంజి కండరం సంగతి గుర్తు చేసుకుంటే విషయం అర్థమవుతుంది. రక్తంలో ఆక్సిజన్ పలచబడ్డప్పుడు అది కండరంలోకి ఇంకడానికి ఎక్కువ సమయం పడుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామం పెరిగితే జఠరిక సందుల్లో రక్తం ఇంకొంచెం సేపు నిలుస్తుంది, గుండె ఇంకో రెండు గుక్కలు ఎక్కువ తాగుతుంది. చెరువు గట్టు మీద నిలబడి చూస్తే చేప చచ్చిపోయేలా ఉందే అనిపించే ఆ మందకొడితనం వెనక ఇంత లెక్క ఉంది.

అయితే స్పాంజి గుండెకు ఒక హద్దుంది. పోగులు సన్నగా ఉండాలి, సందులు ఉండాలి. అలాంటి గుండెతో మరీ ఎక్కువ ఒత్తిడితో రక్తం చిమ్మడం కష్టం. వేగంగా, దూరంగా ఈదే చేపలకు ఇది చాలదు. వాటి జఠరికకు బయటివైపు మరో పొర ఉంటుంది, కండరం దట్టంగా పేర్చిన పొర. ఆ పొరలోకి రక్తం లోపలి నుంచి ఇంకదు. అందుకే దానికి సొంత ధమనులు ఉన్నాయి. ఎక్కణ్ణుంచి వస్తాయవి? మొప్పల నుంచే. మొప్పల్లో అప్పుడే ఆక్సిజన్ నింపుకున్న రక్తంలో కొంత, ఒళ్లంతా తిరిగి రాకుండా, సన్నని నాళాల గుండా వెనక్కి మళ్లి గుండె పైపొరను తడుపుతుంది. సాల్మన్‌లో జఠరికలో మూడో వంతు దాకా ఈ దట్టమైన పొరే. ట్యూనాల్లో కొన్నింటికి సగానికి మించే ఉంటుంది.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆంథొనీ ఫారెల్ జీవితమంతా చేపల గుండెల మీదే పరిశోధన చేశాడు. ఆయన, జాన్ స్టెఫెన్సన్ కలిసి 1987లో సాల్మన్‌ల హృదయ ధమనిని ముడివేసి ఈదించి చూశారు. చేపలు చావలేదు. లోపలి స్పాంజి పొర పని చేస్తూనే ఉంది. కానీ నిలకడగా ఈదగలిగే గరిష్ఠ వేగం తగ్గిపోయింది. ప్రాణం నిలవడానికి స్పాంజి చాలు, పరుగుకు మాత్రం ధమని కావాలి. మనల్ని ఆలోచనలో పడేసే సంగతి ఇంకొకటి ఉంది. గుడ్లు పెట్టడానికి నదికి మళ్లే సాల్మన్‌ల హృదయ ధమనుల లోపలి గోడలు దళసరెక్కి ఉంటాయి. నూనె వేపుళ్లూ సిగరెట్లూ ఎరగని, రోజంతా ఈదే జీవికి కూడా ధమని గోడ దెబ్బతింటుంది.

గోదావరిలో ఎర్రనీళ్లు దిగే రోజుల్లో పులస సముద్రం నుంచి ఎదురెక్కుతుంది. యానాం దాటి, జొన్నాడ వంతెన కింద నుంచి ధవళేశ్వరం ఆనకట్ట వరకూ గౌతమి ప్రవాహానికి ఎదురీదడమే దాని పని. దాని రుచి మీద మనవాళ్లు చెప్పుకున్నన్ని మాటలు మరే చేప మీదా చెప్పుకోలేదు, దాని శ్రమ మీద ఒక్క మాటైనా చెప్పుకోవాలి. నదికి ఎదురెక్కే చేపకు గుండె ఎంత ముఖ్యమో కెనడాలోని ఫ్రేజర్ నదిలో తేలింది. ఎరికా ఎలియాసన్, ఫారెల్, మరికొందరు కలిసి 2011లో ‘సైన్స్’ పత్రికలో అచ్చువేసిన పరిశోధనలో ఆ నదిలోని సాకై సాల్మన్ గుంపుల్ని ఒకదానితో ఒకటి పోల్చారు. అన్నీ ఒకే జాతి, ఒకే నది. అయినా ఎక్కువ దూరం, ఎక్కువ ఎత్తు, ఎక్కువ కష్టమైన దారి ఎక్కే గుంపుల్లో గుండె పెద్దది, హృదయ ధమనుల సరఫరా మెరుగైనది. నీటి వేడి ఒక హద్దు దాటితే గుండె తట్టుకోలేక వాటి శక్తి కూలిపోతుంది, ఆ హద్దు కూడా గుంపుకో రకంగా ఉంది. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే వేడికి చేప ఒంటి అవసరం పెరుగుతుంది. ఈ రెండిటి మధ్య మొదట నలిగేది గుండె.

సొరలకూ టేకులకూ, అంటే ఎముకలు లేని మృదులాస్థి చేపలన్నిటికీ హృదయ ధమనులు ఉన్నాయి. వాటిలో ఆ నాళాలు పైపొరతో ఆగకుండా లోపలి పోగుల్లోకి కూడా చొరబడతాయి. సొరల వంశమూ ఎముక చేపల వంశమూ విడిపోయి 42 కోట్ల ఏళ్లు దాటింది. అంటే గుండెకు విడిగా రక్తం పంపే ఏర్పాటు దవడలున్న తొలి చేపల్లోనే మొదలై ఉండాలి, నిదానంగా బతకడం నేర్చిన చాలా ఎముక చేపలు తర్వాత దాన్ని వదులుకుని ఉండాలి. పరిణామం ఎప్పుడూ పైకే ఎక్కుతుందని మనం అనుకుంటాం. ఇక్కడ మాత్రం అవసరం తీరిన నాళాలు ఊరికే రాలిపోయాయి.

కొన్ని చేపలు ఆక్సిజన్‌కు ఎదురుచూడడమే మానేశాయి. దవడలే లేని హ్యాగ్‌ఫిష్‌ను ఆక్సిజన్ బొత్తిగా లేని నీటిలో 36 గంటలు ఉంచినా దాని గుండె కొట్టుకుంటూనే ఉంది. యూరప్‌లోని క్రూసియన్ కార్ప్ మన బొచ్చె, శీలావతుల కుటుంబానిదే. చలికాలమంతా గడ్డకట్టిన చెరువు కింద, ఊపిరి లేని నీటిలో నెలల తరబడి బతుకుతుంది. ఆక్సిజన్ లేకుండా చక్కెరను కరిగించుకుని, అలా మిగిలిపోయిన దాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల గుండా నీటిలోకి వదిలేస్తుంది. ఆక్సిజన్ లేని నీటిలో రోజుల తరబడి ఉంచినా దాని గుండె ఎప్పటిలాగే రక్తం పంపుతూ ఉంటుందని 2004లో స్టెసిక్, ఫారెల్, నిల్సన్ బృందం కొలిచి చూపింది. వేసవి మడుగులో ఊపిరాడక తేలే మన బొచ్చెకు ఆ చుట్టరికం ఏమీ పనికిరాలేదు. చలి నీటిలో ఒంటి అవసరాలు బాగా పడిపోతాయి, ఆ సదుపాయం ఇక్కడి ఎండలో లేదు.

ఇక కొర్రమీను దగ్గరికి వద్దాం. దాని తలలో, మొప్పలకు పైన, రెండు వైపులా రెండు గదులు ఉంటాయి. లోపల మడతలు మడతలుగా పలచని పొర, దాని నిండా కేశనాళికలు. పైకొచ్చి గుటకేసిన గాలి అక్కడ నిలుస్తుంది. మొప్పలొక్కటే దాని ఒంటికి చాలవు గనక పెద్దయిన కొర్రమీనును నీళ్లలోనే అదిమి ఉంచితే ఊపిరాడక చచ్చిపోతుంది. నీళ్లలో ముంచితే చచ్చే చేప ఇది. ఆ గదుల్లో ఆక్సిజన్ నింపుకున్న రక్తం, మొప్పల్లోని రక్తంలా వెన్ను ధమనిలోకి పోదు. తల వైపు నుంచి గుండెకు వచ్చే సిరలో కలిసి నేరుగా గుండెలోకి దిగుతుంది. స్పాంజి కండరం గదుల్లో ఇప్పుడు తాజా ఆక్సిజన్ ఉన్న రక్తం నిండుతుంది. ఒళ్లు తిన్నాక మిగిలింది కాక, ఒంటి కంటే ముందు గుండెకే మొదటి వడ్డన.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. గుండెలో మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోతే ఆ మంచిలో కొంత మళ్లీ గాలి గదులకే వృథాగా పోతుంది. ఇషిమాట్సు, ఇటజావా అనే జపాన్ శాస్త్రవేత్తలు కొర్రమీనుకు దగ్గరి చుట్టమైన చన్నా ఆర్గస్ అనే చేపలో గుండె నుంచి బయటికి వెళ్లే రక్తాన్ని 1983లో కొలిచారు. ఆ చేపలో గుండె ముందు ధమని రెండుగా చీలుతుంది. ముందు కొమ్మ గాలి గదుల వైపు, వెనక కొమ్మ ఒంటి వైపు. గుండెలో అడ్డుగోడ లేదు. అయినా వెనక కొమ్మలో ఆక్సిజన్ ఎక్కువ ఉంది, ముందు కొమ్మలో తక్కువ. రెండు ప్రవాహాలూ ఒకే గది గుండా పోతూ కూడా చాలా వరకు కలవకుండా ఉన్నాయన్నమాట. మనలో రెండు జఠరికలు గోడ కట్టుకుని చేసే పనిని ఈ చేప గోడ లేకుండానే కొంత సాధించింది. తెలంగాణ తన రాష్ట్ర చేపగా పెట్టుకున్నది, మన కాలవ బురదలో పిల్లలు చేతులతో పట్టేది ఈ కుటుంబం చేపనే. నన్నడిగితే మన కళాశాలల్లో జంతుశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ కప్ప గుండెతో పాటు కొర్రమీను గుండె గురించీ తెలుసుకుని తీరాలి.

కొర్రమీను చేసిన పని కొత్తదేమీ కాదు. ఎముక చేపల తొలి పూర్వీకులకు ఊపిరితిత్తులు ఉండేవి. 1859లో డార్విన్ చేపల గాలితిత్తే ఊపిరితిత్తిగా మారిందని రాశాడు. ఇప్పుడు ఆ వరస తలకిందులైంది. ఊపిరితిత్తే ముందు, చాలా చేపల్లో అదే తర్వాత ఈతకు తోడ్పడే గాలితిత్తిగా మారింది. ఇంతకీ నీళ్లలో ఉండే చేపకు ఊపిరితిత్తులు ఎందుకు వచ్చాయి? మురికి మడుగుల్లో ఊపిరాడకే అని పాత జవాబు. నేల మీదికి రావడానికి అది తొలిమెట్టు అని కూడా చెప్పేవారు. కొలీన్ ఫార్మర్ అనే శాస్త్రవేత్త 1997లో ‘పేలియోబయాలజీ’ పత్రికలో ఇంకో జవాబు ఇచ్చింది. ఊపిరితిత్తి ముందుగా గుండె కోసం పుట్టింది అని. పాతకాలపు వంశాలకు చెందిన గార్, బోఫిన్ చేపల్లో గాలితిత్తి నుంచి వచ్చే రక్తం ఒంటికి పోకముందే గుండెకు వస్తుంది. ఆక్సిజన్‌కు కొరతలేని సముద్రంలో తిరిగే టార్పన్ కూడా గట్టిగా ఈదేటప్పుడు పైకి వచ్చి గాలి మింగుతుంది. నీటిలో ఆక్సిజన్ ఉంది, మొప్పలు బాగున్నాయి. మరి ఆ గాలి ఎవరికి? ఎక్కువ పనిచేస్తూ, అడుగు బొడుగు రక్తంతో సరిపెట్టుకుంటున్న గుండెకు. అందరూ ఒప్పుకున్న మాట కాదిది, కానీ నాకు ఇందులో బలం కనిపిస్తుంది. చెడ్డ నీటి కథ మడుగులో బతికే చేపకు సరిపోతుంది, సముద్రపు చేపకు సరిపోదు. గుండె కథ రెండిటికీ సరిపోతుంది.

నేల మీదికి వచ్చిన జీవుల్లో ఈ లెక్క మళ్లీ మారింది. కప్ప జఠరికకు ఇప్పటికీ చెప్పుకోదగ్గ సొంత ధమనులు లేవు. ఊపిరితిత్తుల నుంచీ తడి చర్మం నుంచీ వచ్చే ఆక్సిజన్ రక్తం జఠరిక పోగుల మధ్యకే చేరుతుంది కాబట్టి దానికి గడిచిపోతుంది. పక్షుల్లోనూ మనలాంటి క్షీరదాల్లోనూ గుండె మధ్య పూర్తి గోడ లేచింది. ఎడమ జఠరికలో ఎప్పుడూ మంచి రక్తం, కుడి జఠరికలో ఎప్పుడూ చెడు రక్తం. అంటే మన కుడి జఠరిక మళ్లీ చేప గుండె స్థితికే వచ్చింది. ఎడమ జఠరికకైనా సుఖం లేదు. గది నిండా ఆక్సిజన్ రక్తమే ఉన్నా, గోడ మందం సెంటీమీటరు దాకా పెరిగి దట్టంగా బిగిసిపోయింది. లోపలి రక్తం అంచున ఉన్న కొద్దిపాటి కణాలకు తప్ప అందదు. అందుకే బృహద్ధమని మొదట్లోనే రెండు హృదయ ధమనులు చీలి గుండె గోడంతా పాకుతాయి. ఒంటికి వెళ్లే రక్తంలో సుమారు అయిదు శాతం వాటి గుండానే పోతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా గుండె కండరం ఆ రక్తంలోని ఆక్సిజన్‌లో ఎంతో భాగాన్ని, ఇంచుమించు 70 శాతాన్ని లాగేసుకుంటుంది. ఇంకా కావాలంటే రక్తం పెరగాలి తప్ప వేరే దారి లేదు. రక్తంతో నిండి ఉన్న గుండె, తన గోడలో వేలెడు పొడవున్న ఒక నాళం పూడుకుపోతే ఎండిపోయేది ఇందుకే. రక్తనాళాలు తెగినా మళ్లీ అల్లుకోగల సాల్మన్ కుటుంబపు ట్రౌట్‌కు ఆ గండం మనంత పెద్దది కాదు. దాని ధమనిని ముడివేస్తే కొన్నాళ్లకు పక్కనుంచి కొత్త నాళాలు పుట్టుకొస్తాయి, లోపలి స్పాంజి పొర ఈలోగా పని నడుపుతుంది.

చేపలో మొప్పల నుంచి వెనక్కి మళ్లిన సన్న నాళాలే మన హృదయ ధమనులయ్యాయా అన్నది చాలాకాలం తేలలేదు. జపాన్ పరిశోధకులు 2023లో ‘ఈలైఫ్’ పత్రికలో చేపలు, కప్పలు, పిట్టలు, ఎలుకల పిండాల్ని పోల్చి చూపినదాని ప్రకారం, సరీసృపాలు, పక్షులు, క్షీరదాల వంశంలో హృదయ ధమనులు కొత్తగా రూపు దిద్దుకున్నాయి. పిండంలో మొదట బృహద్ధమని చుట్టూ పాత తరహా నాళాలు కొన్ని వచ్చి, తర్వాత అవి సర్దుకుని, కొత్త ధమనులకు దారి ఇస్తాయి. అదే అవసరానికి వేరువేరు వంశాల్లో వేరువేరు చోట్ల నుంచి నాళాలు సాగాయి. గుండెకు ఆక్సిజన్ అందించడమన్న ఒక్క సమస్య చుట్టూ పరిణామం ఇన్నిసార్లు తిరిగింది.

బజారులో కొర్రమీనుల్ని పట్టుకెళ్లేవాళ్లు ఇవేవీ చదవకపోయినా డ్రమ్ము మూత దాకా నీళ్లు నింపరు. చేప ఒళ్లు తడిసేంత నీరు పోసి, పైన గాలికి చోటు వదిలి, మూతకు చిల్లులు పెడతారు. నీళ్లు ఎక్కువ పోసి మూత బిగిస్తే, మండపేటో రాజమండ్రో చేరేసరికి చేపలు నీళ్లలోనే చచ్చి ఉంటాయని వాళ్లకు తెలుసు.